చేతికి తగిలిందే తొలి చదువు: ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు ఇంట్లోనే చేసే స్పర్శ ఆటలు

అంగన్‌వాడీ లబ్ధిదారుల కోసం అవగాహన పాఠం
చదవాల్సినవారు: అమ్మానాన్నలు, పిల్లల్ని చూసుకునే నాయనమ్మ, అమ్మమ్మ, తాతలు
ఖర్చు: ఏమీ లేదు. సమయం: రోజుకు 10 నుంచి 15 నిమిషాలు

ఈ పాఠం ఎందుకు?

మన రాష్ట్రంలో 7 నెలల నుంచి 3 ఏళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీ కేంద్రం నుంచి నెలకు 2.5 కిలోల బాలామృతం ఇంటికి అందుతుంది. ఆ ప్యాకెట్ ఎప్పుడొస్తుందో, ఎంత రావాలో మనకు బాగా తెలుసు. రాకపోతే అడుగుతాం కూడా. కానీ అదే వయసు పిల్లలకు అదే పథకం కింద ఇంకొకటి కూడా అందాలి. అది ఆట. ఇది ప్యాకెట్‌లో రాదు, సంతకం పెట్టి తీసుకునేది కాదు. అందుకే చాలా ఇళ్లలో దాని గురించి అడిగేవాళ్లే లేరు.

మూడేళ్లు నిండిన పిల్లలు కేంద్రానికి వచ్చి కూర్చుంటారు. అక్కడ టీచర్ ఆడిస్తారు, పాడిస్తారు. మూడేళ్లలోపు పిల్లలు మాత్రం రోజంతా ఇంట్లోనే ఉంటారు. అమ్మ పత్తి ఏరడానికో, నాట్లకో, బీడీలు చుట్టడానికో, దుకాణానికో వెళ్తుంది. నాయనమ్మ ఒక చేత్తో పొయ్యి చూసుకుంటూ ఇంకో చేత్తో బిడ్డను పట్టుకుంటుంది. ఆ సమయంలో బిడ్డ ఏడిస్తే చేతికి ఫోన్ వస్తుంది. ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. పని అలా ఉంటుంది, ఏం చేస్తాం?

అయితే ఒక్క విషయం తెలుసుకోవాలి. మనిషి మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. అందులో మొదటి మూడేళ్లు చాలా కీలకం. ఆ మూడేళ్లూ బిడ్డ ఉండేది మన చేతుల్లోనే.

పథకంలో ఆట ఎక్కడుంది?

అంగన్‌వాడీలు నడిచే ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్దాసుపత్రికి పంపడం, ఆరోగ్య పోషణ పాఠాలు, బడికి ముందు చదువు అనే ఆరు సేవలు ఇందులో ఉన్నాయి. చాలాకాలం పాటు చదువు అంటే మూడేళ్లు నిండినవాళ్లకే అనుకున్నాం.

2023 మేలో కేంద్ర ప్రభుత్వం ‘పోషణ్ భీ, పఢాయీ భీ’ కార్యక్రమం మొదలుపెట్టింది. అంటే తిండీ కావాలి, చదువూ కావాలి అని. ఆ తర్వాత 2024లో పుట్టినప్పటి నుంచి మూడేళ్ల పిల్లల కోసం ‘నవచేతన’ అనే మార్గదర్శిని వచ్చింది. 36 నెలలకు, వయసు ప్రకారం 140 ఆటలు, పనులు అందులో ఉన్నాయి. ఆ మార్గదర్శిని సారమంతా మూడు మాటల్లో చెప్పొచ్చు. బిడ్డను ప్రేమగా చూడండి, బిడ్డతో మాట్లాడండి, బిడ్డతో ఆడండి.

కాబట్టి అంగన్‌వాడీ టీచర్ మీ ఇంటికి వచ్చినప్పుడు, లేదా మీరు ప్యాకెట్ కోసం కేంద్రానికి వెళ్లినప్పుడు ఈ ప్రశ్న అడగండి: “మేడం, మా బిడ్డ వయసుకు ఈ నెల ఏం ఆట ఆడించాలి?” అది అడగడం మీ హక్కు.

స్పర్శ ఆట అంటే ఏంటి?

బిడ్డ కడుపులో ఉన్నప్పుడు అన్నిటికన్నా ముందు మేల్కొనే జ్ఞానం స్పర్శే. పుట్టాక కూడా లోకాన్ని మొదట చర్మంతోనే చదువుతుంది. గరుకు, నునుపు, మెత్తన, గట్టి, తడి, పొడి, చల్లన, వెచ్చన, జిగురు, జారుడు. ఇవన్నీ ఒక్కొక్కటిగా చేతికి తగులుతూ ఉంటే, తగిలిన ప్రతిదానికీ ఇంట్లోవాళ్లు పేరు చెబుతూ ఉంటే, దాన్నే స్పర్శ ఆట అంటున్నాం.

దీనివల్ల లాభం ఏంటి? నాలుగు చెప్పుకోవచ్చు.

1. మాట వస్తుంది. ‘గరుకు’ అనే మాట బొమ్మ చూపిస్తే అర్థం కాదు. గోనెసంచి మీద చెయ్యి పెట్టి ‘గరుగ్గా ఉంది’ అంటే అర్థమవుతుంది.

2. వేళ్లకు బలం వస్తుంది. గుడ్డ పిండడం, పిండి నొక్కడం, ఆకు చింపడం వచ్చిన చేతికి రేపు గుండీ పెట్టుకోవడం, పెన్సిల్ పట్టడం తేలికవుతుంది.

3. తిండికి సాయం. తడివి, జిగురువి ముట్టుకోవడానికి ఇష్టపడే పిల్లలు కొత్త కూరల్ని కూడా కాస్త తేలిగ్గా రుచి చూస్తారని పరిశోధకులు గమనించారు. ముద్దపప్పు, బెండకాయ, పెరుగన్నం చేతికి తెలిస్తే నోటికీ తెలుస్తాయి.

4. భయం తగ్గుతుంది. కొత్త వస్తువును మెల్లగా, తన ఇష్టంతో ముట్టుకుని చూసిన బిడ్డకు ధైర్యం పెరుగుతుంది.

నిజానికి ఇది మనకు కొత్త కాదు. నూనె రాసి నలుగు పెట్టడం, బొంత మీద పడుకోబెట్టడం, చాటలో బియ్యం చెరుగుతుంటే పక్కన కూర్చోబెట్టుకోవడం, పెద్దలు చేసినవి అన్నీ ఇవే. వాటిని కాస్త తెలిసి, మాటలు కలిపి చేయడమే ఈ పాఠం. బజారులో దొరికే ఖరీదైన సెన్సరీ కిట్లు కొనాల్సిన పని లేదు. ఈ ఆటల పేరుతో ఎవరైనా డబ్బులు అడిగితే ఇవ్వొద్దు. అంగన్‌వాడీ సేవలన్నీ ఉచితం.

మొదలుపెట్టే ముందు: ఐదు జాగ్రత్తలు

ఆటల కన్నా ముందు ఇవి చదవండి. వీటిని వదిలేసి ఆటలకు వెళ్లొద్దు.

ఒకటి, పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. చూపు బిడ్డ మీద, చెయ్యి అందేంత దూరంలో మీరు. లోపలికి వెళ్లాల్సి వస్తే బిడ్డను ఎత్తుకుని వెళ్లండి, లేదా ఆట ఆపేయండి. ఐదారేళ్ల అక్కకో అన్నకో అప్పజెప్పొద్దు.

రెండు, చిన్న వస్తువులు వద్దు. పల్లీలు, శనగలు, చింతగింజలు, పూసలు, గుండీలు, నాణేలు మూడేళ్లలోపు పిల్లల ఆటకు పనికిరావు. గొంతులో అడ్డం పడతాయి, ముక్కులో చెవిలో దూరుతాయి. మీ బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టండి. ఆ సున్నాలోంచి జారిపోయే గట్టి వస్తువు ఏదైనా బిడ్డకు ప్రమాదమే అనుకోండి. బొమ్మల్లో, రిమోట్లలో ఉండే గుండ్రటి గుండీ బ్యాటరీ మింగితే గంటల్లో అన్నవాహిక కాలిపోతుంది. మింగిందని అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మూడు, నీళ్ల దగ్గర ఏమరుపాటు వద్దు. నాలుగు వేళ్ల లోతు నీళ్లు చాలు, చిన్నపిల్లలు బకెట్లో తలకిందులుగా పడితే లేవలేరు. ఆట అయిపోగానే గిన్నె, టబ్బు, బకెట్ బోర్లించండి.

నాలుగు, మందుల సంచులు ముట్టనివ్వొద్దు. యూరియా, డీఏపీ సంచులు, పురుగుమందు డబ్బాలు ఎంత కడిగినా ఆటకు వాడకూడదు. రంగు పూసి మందు పట్టించిన పత్తి విత్తనాలు, మొక్కజొన్న విత్తనాలు కూడా అంతే. పొలంలో మందు కొట్టి వచ్చినవాళ్లు స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే బిడ్డను తాకాలి. పాన్ సున్నం, వాషింగ్ సోడా, హోలీ రంగులు, కుంకుమ కూడా ఆటకు వద్దు. సున్నం కంట్లో పడితే చూపే పోవచ్చు.

ఐదు, ప్లాస్టిక్ కవర్లు దూరంగా ఉంచండి. బాలామృతం ఖాళీ ప్యాకెట్ కూడా ఇందులోకే వస్తుంది. తలకు తొడుక్కుంటే ఊపిరాడదు.

ఇక ఆటలు

ఏడు ఆటలు ఇస్తున్నాం. రోజుకొకటి చేయొచ్చు, లేదా బిడ్డకు నచ్చినదే వారమంతా చేయొచ్చు. పిల్లలకు ఒకటే ఆట పదిసార్లు ఆడినా విసుగు రాదు. అలా మళ్లీ మళ్లీ చేస్తేనే వాళ్లకు అది ఒంటబడుతుంది.

ఆట 1: ముట్టుడు బొంత (10 నెలల నుంచి)

కావాల్సినవి: పాత బట్టల ముక్కలు. నూలు చీర, పట్టు ముక్క, ఊలు స్వెటర్, తువ్వాలు, జీన్స్, వెల్వెట్. దగ్గర్లోని టైలర్‌ను అడిగితే కత్తిరింపులు ఊరికే ఇస్తారు. పాత గద్వాల చీర ఉంటే ఇంకా మంచిది. దాని ఒళ్లు నూలు, అంచు పట్టు. ఒకే ముక్కలో రెండు స్పర్శలు దొరుకుతాయి.

ఎలా చేయాలి: ముక్కల్ని జానెడు జానెడు కత్తిరించి, పాత దుప్పటి మీద పక్కపక్కనే గట్టిగా కుట్టండి. గుండీలు, హుక్కులు, జరీ పోగులు వేలాడకుండా చూడండి. కుట్టడం రాకపోతే ముక్కల్ని విడివిడిగా ఒక బుట్టలో వేసినా చాలు.

ఎలా ఆడించాలి: బిడ్డను బొంత మీద కూర్చోబెట్టండి. తనంతట తాను ఏది ముట్టుకుంటుందో చూడండి. ముట్టుకోగానే చెప్పండి: “ఇది మెత్తగా ఉంది. ఇది గరుగ్గా ఉంది.” బుగ్గకు మెల్లగా ఆనించండి. పాదానికి తాకించండి. పాకే పిల్లలను బొంత మీదే పాకనివ్వండి.

ఆట 2: నడక బాట (నడక వచ్చాక)

కావాల్సినవి: బియ్యం వచ్చిన జనపనార గోనెసంచి, కొబ్బరిపీచు పట్టా, చాప, బొంత, తడి తువ్వాలు.

ఎలా ఆడించాలి: వాకిట్లో వరుసగా పరవండి. సంచులు జారకుండా అంచులు సరిచేయండి. బిడ్డ చెప్పులు లేకుండా, మీ వేలు పట్టుకుని ఒక్కొక్కదాని మీద నడవాలి. “చాప మీదికొచ్చాం, నున్నగా ఉంది. ఇప్పుడు పీచు, గుచ్చుకుంటోంది కదా! ఇప్పుడు తడి తువ్వాలు, చల్లగా ఉంది.” రెండేళ్లు దాటిన పిల్లలను “మెత్తటి దాని మీద నిలబడు” అని అడగండి.

చూసుకోవాల్సింది: ఎండలో కాలిన నేల, రేకు మీద వద్దు. పొద్దున లేదా సాయంత్రం ఆడించండి.

ఆట 3: పిండుడాట (ఏడాది నుంచి)

కావాల్సినవి: వెడల్పు గిన్నెలో కొద్దిగా నీళ్లు, ఒక నూలు గుడ్డ, కడిగిన బీరకాయ పీచు, కొబ్బరి చిప్ప, గరిటె.

ఎలా ఆడించాలి: గుడ్డ ముంచి, పైకెత్తి, పిండి చూపించండి. నీళ్లు కారడం చూసి బిడ్డ నవ్వుతుంది, తనూ చేస్తానంటుంది. చేయనివ్వండి. బీరకాయ పీచు పొడిగా ఉన్నప్పుడు గరుకు, తడిస్తే మెత్తన. ఆ తేడా చేతికి తెలియనివ్వండి. ఇంకో గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పెడితే చల్లన, వెచ్చన కూడా నేర్చుకుంటుంది. ముందు మీ మోచేయి ముంచి వేడి చూసుకోండి.

స్నానానికి ముందు ఈ ఆట పెట్టుకుంటే వేరే పని ఉండదు. బట్టలు ఎలాగూ తడుస్తాయి, ఎలాగూ మారుస్తారు.

ఆట 4: గంజి రాత (ఏడాది నుంచి)

కావాల్సినవి: చల్లారిన చిక్కటి గంజి, స్టీలు పళ్లెం. రంగుకు వంటలో వాడే పసుపు చిటికెడు, లేదా బీట్‌రూట్ రసం, పాలకూర రసం.

ఎలా ఆడించాలి: పళ్లెంలో గంజి పలచగా పోసి, మీ వేలితో ఒక గీత గీయండి. తర్వాత బిడ్డ వేలు. గీత, చుక్క, చేతి అచ్చు. నోట్లో పెట్టుకున్నా గంజే కాబట్టి భయం లేదు. “జిగురుగా ఉంది, జారుతోంది” అని చెప్పండి. పసుపు బట్టలకు అంటుతుంది, పాత చొక్కా తొడగండి.

చూసుకోవాల్సింది: గంజి అదే రోజుదై ఉండాలి. పులిసినది వద్దు.

ఆట 5: పిండి ముద్ద (ఏడాదిన్నర నుంచి)

కావాల్సినవి: రొట్టెల కోసం కలిపిన పిండిలోంచి నిమ్మకాయంత ముద్ద. గోధుమపిండి, జొన్నపిండి ఏదైనా సరే. అంటుకోకుండా చుక్క నూనె.

ఎలా ఆడించాలి: నొక్కడం, చదును చేయడం, తాడులా సాగదీయడం, చిదమడం. చెంచా మొన, జల్లెడ, ఆకు ఈనె వంటివి ముద్ద మీద ఒత్తితే అచ్చులు పడతాయి. గోధుమ ముద్ద సాగుతుంది, జొన్న ముద్ద విరుగుతుంది. రెండూ పక్కపక్కన ఇచ్చి చూడండి.

చూసుకోవాల్సింది: పచ్చిపిండి తిననివ్వొద్దు. నిల్వ ఉండాలని పిండిలో ఉప్పు ఎక్కువ కలిపే పద్ధతి ఒకటి ఫోన్ వీడియోల్లో కనిపిస్తుంది. అంత ఉప్పు బిడ్డ మింగితే ప్రాణానికే ముప్పు. ఉప్పు కలపొద్దు, ఏ రోజు ముద్ద ఆ రోజే. ఆట అయ్యాక కోళ్లకో పశువులకో వేయండి. బిడ్డ చేతులు సబ్బుతో కడగండి.

ఆట 6: ఆకులు, పూలు (ఏడాదిన్నర నుంచి)

కావాల్సినవి: అరటాకు, మామిడాకు, మునగాకు, మర్రాకు, కొబ్బరాకు. పూలలో బంతి, మందార.

ఎలా ఆడించాలి: అరటాకు నున్నగా, చల్లగా ఉంటుంది. ఎండిన మర్రాకు నలిపితే కరకరమంటుంది. మునగాకును కొమ్మ నుంచి దూయడం వేళ్లకు మంచి పని. బంతిపూవు రెక్కలు ఒక్కొక్కటిగా పీకి గిన్నెలో వేయించండి.

బతుకమ్మ రోజుల్లో ఇంటినిండా పూలే. గునుగు నిమిరితే కుచ్చులా ఉంటుంది, తంగేడు రెక్క పలచగా ఉంటుంది. బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో పూవు పేరు చెబుతూ చేతికివ్వండి. రంగులో ముంచిన గునుగు మాత్రం ఇవ్వొద్దు.

చూసుకోవాల్సింది: మందు కొట్టిన చేను గట్టు మీది పూలు, ఆకులు వద్దు. జిల్లేడు, గన్నేరు, ఉమ్మెత్త అసలే వద్దు. ఇవి విషం. తెచ్చినవాటిని కడిగి, పురుగులు లేవని చూసి ఇవ్వండి.

ఆట 7: సంచిలో ఏముంది? (రెండేళ్లు నిండాక)

కావాల్సినవి: గుడ్డ సంచి. అందులో చెక్క గరిటె, కొబ్బరి చిప్ప, ఊలు మేజోడు, బీరకాయ పీచు, స్టీలు గ్లాసు.

ఎలా ఆడించాలి: ముందు అన్నీ చూపించి, పేర్లు చెప్పి, సంచిలో వేయండి. “మెత్తటిది తియ్యి” అనండి. బిడ్డ సంచిలోకి చూడకుండా చేత్తో వెతికి తీయాలి. మొదట్లో రెండు వస్తువులు చాలు. తర్వాత ఒక్కొక్కటి పెంచండి. తప్పు తీస్తే “ఇది గట్టిగా ఉంది కదా, మెత్తటిది ఏదీ?” అని మళ్లీ అడగండి. ‘తప్పు’ అనే మాట ఈ ఆటలో అక్కర్లేదు.

ఆట సగం, మాట సగం

బొంత కుట్టి, బిడ్డను కూర్చోబెట్టి మనం ఫోన్ చూసుకుంటే ఆటలో సగమే అందినట్టు. బిడ్డ ఒకటి ముట్టుకుంటుంది, మన వైపు చూస్తుంది. ఆ చూపుకు మనం జవాబు చెప్పాలి. “అబ్బ, ఎంత గరుగ్గా ఉందో!” అనాలి. బిడ్డ ‘గగ్గ’ అంటుంది. మనం “అవును, గరుకు” అనాలి. ఇలా బంతి విసిరి పట్టుకున్నట్టు మాట అటూ ఇటూ సాగితేనే మెదడుకు మేత.

మీ ఇంట్లో ఏ భాష మాట్లాడతారో ఆ భాషలోనే చెప్పండి. తెలుగు, లంబాడీ, గోండి, ఉర్దూ ఏదైనా సరే. బిడ్డకు ఇంగ్లిష్ పదాలు నేర్పాలని ఈ వయసులో తొందర వద్దు. ఇంటి భాష గట్టిగా వచ్చిన బిడ్డకు బడిలో ఇంకో భాష నేర్చుకోవడం కష్టం కాదు.

నాన్నలకు ఒక మాట. ఈ పది నిమిషాలు అమ్మ పనే అని రాసిపెట్టి లేదు. మీ గరుకు అరచెయ్యి, నూనూగు గడ్డం కూడా బిడ్డకు కొత్త స్పర్శే.

తల్లులు తరచూ అడిగే ప్రశ్నలు

“తిండితో ఆడటం తప్పని మా అత్త అంటారు.”
అత్త చెప్పింది సబబే. అన్నం పారేయకూడదు. అందుకే ఈ ఆటల్లో పారబోసే తిండి లేదు. గంజి, రొట్టె ముద్దలోంచి చిటికెడు, అంతే. బాలామృతం మాత్రం ఆటకు వాడొద్దు. అది బిడ్డ తినాల్సిన కొలత. ఆటకు పోతే బలం తగ్గుతుంది.

“ఫోన్ లేకపోతే ముద్ద ముట్టడం లేదు.”
ఏడాదిలోపు పిల్లలకు ఫోన్, టీవీ అసలు వద్దనీ, రెండేళ్లు దాటాక కూడా రోజుకు గంట మించొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రెండేళ్లలోపు వద్దే వద్దని మన పిల్లల డాక్టర్లూ చెబుతున్నారు. ఒక్కరోజులో మానిపించలేం. రోజుకు ఒక పూట ఫోన్ పక్కన పెట్టి, బిడ్డ ముందు పళ్లెం పెట్టి, తన చేత్తో తననే కలుపుకోనివ్వండి. కింద పోస్తుంది, ముఖానికి పూసుకుంటుంది. పోయనివ్వండి. అది కూడా స్పర్శ ఆటే. వారం పది రోజులు ఓపిక పడితే తేడా కనిపిస్తుంది.

“మా బాబు తడివి ముట్టుకోడు, ఏడుస్తాడు.”
చెయ్యి పట్టుకుని బలవంతంగా ముంచొద్దు. ముందు మీరు ఆడండి, పక్కన చూడనివ్వండి. తర్వాత చెంచా ఇవ్వండి, చెంచాతో కలుపుతాడు. తర్వాత ఒక వేలు. కొందరికి రెండు రోజులు పడుతుంది, కొందరికి నెల.

“మట్టి తింటోంది. ఆటలు మొదలుపెడితే ఇంకా ఎక్కువవుతుందేమో?”
ఏడాదిలోపు పిల్లలు అన్నీ నోట్లో పెట్టుకుంటారు, అది మామూలే. ఏడాదిన్నర, రెండేళ్లు దాటాక కూడా మట్టి, గోడ సున్నం, బలపం వెతుక్కుని తింటుంటే ఒంట్లో రక్తం తక్కువ ఉండొచ్చు. ఏఎన్ఎంకు చూపించండి. 6 నెలల నుంచి 5 ఏళ్ల పిల్లలకు ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు చొప్పున ఉచితంగా ఇస్తారు. నులిపురుగుల నివారణ రోజున ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకు అల్బెండజోల్ సగం మాత్ర పొడి చేసి నీళ్లతో వేస్తారు. రెండూ మానొద్దు.

“మా పాపకు చూపు సరిగా లేదు. ఈ ఆటలు ఆడించొచ్చా?”
తప్పకుండా. కంటితో అందనిది చేత్తో అందుతుంది కాబట్టి ఈ ఆటలు పాపకు మరీ అవసరం. వస్తువు ఇచ్చే ముందు చప్పుడు చేసి, పేరు చెప్పి, చేతికి మెల్లగా తాకించండి. ఒక్కసారిగా చేతిలో పెట్టొద్దు.

గొంతులో ఏదైనా అడ్డం పడితే

బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గు రాక, గొంతు రాక, ఊపిరాడక ఇబ్బంది పడుతుంటే వెంటనే ఇలా చేయండి. ఇంకొకరు ఉంటే అదే సమయంలో 108కు ఫోన్ చేయాలి.

ఏడాదిలోపు: బిడ్డను మీ ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల కిందికి ఉండేలా, మెడకు ఆసరా ఇచ్చి పట్టుకోండి. రెండు భుజాల మధ్య వీపు మీద అరచేతి మడమతో 5 సార్లు చరచండి. రాకపోతే వెల్లకిలా తిప్పి, ఛాతీ మధ్యలో రెండు వేళ్లతో 5 సార్లు నొక్కండి. వచ్చేవరకు మార్చి మార్చి చేయండి.

ఏడాది దాటితే: ముందుకు వంచి వీపు మీద 5 సార్లు చరచండి. రాకపోతే వెనుక నుంచి పట్టుకుని, బొడ్డుకు పైన పిడికిలి పెట్టి, లోపలికి, పైకి 5 సార్లు నొక్కండి.

కనబడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలకొద్దు, ఇంకా లోపలికి పోతుంది. వస్తువు బయటికి వచ్చినా బిడ్డను ఒకసారి డాక్టర్‌కు చూపించండి.

ఈ గుర్తులు కనిపిస్తే ఆగొద్దు

ఆట వైద్యం కాదు. ఆడిస్తున్నప్పుడు బిడ్డను దగ్గరగా చూస్తాం కాబట్టి, తేడా ఉంటే మనకే ముందు తెలుస్తుంది. కింది వాటిలో ఏది గమనించినా అంగన్‌వాడీ టీచర్‌కు గానీ, ఆశా కార్యకర్తకు గానీ చెప్పండి.

• ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం
• ఏడాదిన్నరకు కూడా ఒక్క మాట పలకకపోవడం, నడవకపోవడం
• రెండేళ్లకు ‘అమ్మ దా’ వంటి రెండు మాటలు కలిపి చెప్పకపోవడం
• ఒకవైపు చెయ్యి మాత్రమే వాడుతూ రెండోది బిగించి ఉంచడం
• మెత్తటి బట్ట తగిలినా, నీళ్లు తగిలినా ప్రతిసారీ తట్టుకోలేక ఏడవడం, లేదా దెబ్బ తగిలినా నొప్పి తెలియకపోవడం
• అంతకుముందు వచ్చిన మాట, వచ్చిన పని పోవడం. ఇది ఏ వయసులోనైనా సరే, వెంటనే చూపించాలి

మీ దగ్గరున్న తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఏ నెలకు బిడ్డ ఏం చేయాలో బొమ్మలతో ఉంటుంది. దాన్ని టీకాల కోసమే తీయొద్దు, నెలకొకసారి ఆ పేజీ కూడా చూడండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది. ఆ వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వచ్చి పిల్లల్ని పరీక్షిస్తుంది. ఎదుగుదలలో ఆలస్యం ఉంటే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపిస్తారు. పరీక్షకు, చికిత్సకు డబ్బు కట్టాల్సిన పని లేదు. బృందం వచ్చే తేదీ టీచర్‌ను అడిగి, ఆ రోజు కూలికి వెళ్లినా నాయనమ్మతోనైనా బిడ్డను పంపండి.

‘మా ఇంట్లో అందరికీ మాట లేటుగానే వచ్చింది’ అని ఆగిపోయే ఇళ్లు చాలా ఉన్నాయి. చూపించి ‘ఏమీ లేదు’ అనిపించుకుంటే పోయేది ఒక పూటే. చూపించక ఆలస్యమైతే పోయేది బిడ్డ కాలం.

ఈ వారం చేయాల్సినవి

1. పాత బట్టల ముక్కలు ఐదు వెతికి ఒక బుట్టలో వేయండి.
2. రోజూ ఒక సమయం పెట్టుకోండి. స్నానానికి ముందు, లేదా సాయంత్రం పొయ్యి వెలిగించక ముందు.
3. ఇంట్లో ఎరువు సంచులు, మందు డబ్బాలు, గుండీ బ్యాటరీలు ఎక్కడున్నాయో చూసి బిడ్డకు అందకుండా పెట్టండి.
4. రక్షణ కార్డు తీసి బిడ్డ వయసు పేజీ చదవండి. చదవడం రాకపోతే టీచర్‌తో చదివించుకోండి.
5. ఈసారి బాలామృతం తెచ్చుకునేటప్పుడు “ఈ నెల ఆట ఏంటి మేడం?” అని అడగండి.

ఈ పీడీఎఫ్‌ను మీ సంఘం గ్రూపులో, ఊరి గ్రూపులో పంపండి. ఫోన్ లేని ఇంట్లో బిడ్డ ఉంటే వెళ్లి చదివి వినిపించండి. బిడ్డను పగలంతా చూసుకునేది నాయనమ్మే అయితే, ఆమెకు ముందుగా ‘ఐదు జాగ్రత్తలు’, ఆ తర్వాత ఒకే ఒక ఆట చెప్పండి. మిగతావి ఆమెకే తడతాయి.